మూగజీవి వ్యాధి – గృహస్థుని ధర్మసంకటము

పదకొండేండ్లుగా ఇంట మెలగిన కుక్క ముందరికాలు కుంటుచున్నది. ముల్లు గ్రుచ్చుకొని యుండునని తలచి ఇంటివారు కాలు కడిగి పసుపు పెట్టుదురు. పది దినములైనను కుంటు తగ్గదు. మణికట్టునకు పైన గట్టి వాపు చేతికి తగులును. పశువైద్యుడు ఎక్స్‌రే చిత్రమును వెలుతురునకు పట్టి చూచి, కొంతసేపు మాటాడక యుండి, ఎముకలో కంతి పెరుగుచున్నదని చెప్పును. పూర్వులు రాచపుండనిన వ్యాధి యిదియే. ఆ క్షణము నుండి గృహస్థుని ముందు నిలుచు ప్రశ్నలు వైద్యశాస్త్రమునకు మాత్రమే చెందినవి కావు. కాలు తీసివేయింపవలెనా? తీవ్రమైన మందులు ఎక్కింపవలెనా? నొప్పి తగ్గించుచు ఉన్నన్నాళ్లు ఉండనీయవలెనా? సూదిమందుతో ప్రాణమును విడిపింపవలెనా? తనకేమి కావలెనో చెప్పుటకు ఆ ప్రాణికి నోరు లేదు. దాని మాట మరియొకరు చెప్పవలసి యున్నది.

ఒక కుక్క కొరకు ఇంత విచారమా యని నవ్వువారు కలరు. అట్టివారు పాల్కురికి సోమనాథుని బసవపురాణమును ఒకమారు తిరుగవేయుదురు గాక. ఒక శివభక్తుని కుక్క వేదము చదివిన కథ అందు కలదు. ఆ కథ పండితుల గర్వమును అణచుటకు చెప్పబడినదే కాని కుక్కను పూజింపుమని చెప్పుటకు కాదు. అయినను లోకము హీనమనుకొనిన జీవిని ఆ కవి సభ నడుమకు తెచ్చి నిలిపెనన్న సంగతి మరువరాదు. బసవేశ్వరుడు ధర్మమునకు మూలము దయయే యని బోధించినప్పుడు ఆ దయకు మానవజాతి యను ఎల్లను గీయలేదు.

ఇచట ఒక సూక్ష్మము కలదు. పదకొండేండ్లు వాకిట కావలి కాచినది గనుక, తన కాయకమును తాను చేసినది గనుక, ఆ కుక్కకు మనము ఋణపడి యున్నామని చాలమంది చెప్పుదురు. ఆ మాట నిజమే. కాని అది కృతజ్ఞత, దయ కాదు. కృతజ్ఞత లెక్క చూచి తీర్చునది. ఒక్కనాడును మొరగక, దొంగను చూచి తోక యూపిన కుక్కకు కంతి వచ్చినను దాని నొప్పి అంతే నొప్పి. కావున చికిత్స నిర్ణయమున అది మనకేమి చేసినదన్న లెక్క రాకుండుటయే మేలు. అది ఇప్పుడేమి అనుభవించుచున్నది, ఇకపై ఏమి అనుభవింపనున్నది అను రెండే చూడవలెను.

కర్మ పేరు చెప్పి చేతులు ముడుచుకొనువారి సంగతి క్లుప్తముగా చెప్పవచ్చును. పూర్వజన్మ పాపము అనుభవించుచున్నది, అడ్డుపడరాదని వారందురు. అట్లనువారు తమ పంటినొప్పికి మాత్రము ఆ సిద్ధాంతమును వర్తింపజేయక, తెల్లవారకమునుపే వైద్యుని తలుపు తట్టుదురు.

తొందరపాటు రెండు విధములుగా నుండును. కంతి యనగానే ఆశ వదలుకొనుట ఒకటి. కంతులన్నియు ఒకటి కావు. ముసలి కుక్కల చర్మము క్రింద మెత్తగా కదలు క్రొవ్వుగడ్డలు తరచు కనిపించును. వానిలో పెక్కింటికి ఏ చికిత్సయు అక్కరలేదు. ఆడకుక్కల పొదుగున పుట్టు కంతులలో సుమారు సగము నిరపాయకరములు. చిన్నదిగా నున్నప్పుడే కోసి తీసివేసినచో ప్రమాదకరమైన వానిలోను కొన్ని మరల రావు. మన వీధికుక్కలలో మిక్కిలిగా కనిపించు జననేంద్రియపు కంతి మరియొక వింత. అది ఒక కుక్క నుండి మరియొక కుక్కకు సజీవకణముల రూపముననే సంక్రమించును. కొన్ని వేలయేండ్ల క్రిందట ఆసియాలో ఏదో ఒక కుక్కలో పుట్టిన కణములే నేటికిని ఊరూర తిరుగుచున్నవని పరిశోధకులు తేల్చిరి. చూచుటకు భయంకరముగా రక్తమోడుచుండు ఆ కంతి విన్‌క్రిస్టిన్ అను మందును వారమునకొకమారు చొప్పున నాలుగు మొదలు ఆరు వారములు ఎక్కించినచో చాలవరకు పూర్తిగా నయమగును. ఇంత సులభముగా పోవు వ్యాధికి కుక్కను ఊరిబయట వదలివచ్చినవారు ఎందరో! కావున మొదటి ధర్మము తెలిసికొనుట. సన్నని సూదితో కంతి నుండి కణములను తీసి పరీక్షించుట, అవసరమైనచో ముక్కను కోసి పంపుట, వ్యాధి ఊపిరితిత్తులకు ప్రాకినదేమోనని రొమ్మునకు ఎక్స్‌రే తీయించుట, మూత్రపిండములు, కాలేయము ఎట్లున్నవో రక్తమును చూపించుట – ఇవి చేయక దయను గూర్చి గాని మరణమును గూర్చి గాని మాటాడుట చీకటిలో రాయి విసరుటయే.

రెండవ తొందరపాటు దీనికి ఎదురుగా నుండును. ఏమైనను సరే బ్రతికింపవలెనని పట్టుపట్టుట. ఎముక కంతిని తీసికొని చూతము. ఆస్టియోసార్కోమా యని వైద్యులు పిలుచు ఈ వ్యాధి జర్మన్ షెపర్డు, లాబ్రడారు, గ్రేట్ డేన్ వంటి పెద్ద శరీరము గల కుక్కలకు, నడివయసు దాటిన పిదప హెచ్చుగా వచ్చును. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రముగా కనిపించినను, వ్యాధి బయటపడునప్పటికే పది కుక్కలలో తొమ్మిదింటికి కంటికానని కణములు అచటికి చేరియుండును. కాలు తీసివేయించి మరేమియు చేయకున్నచో సగటున నాలుగైదు నెలలు. కాలు తీయించి, కార్బోప్లాటిన్ వంటి మందును మూడేసి వారములకొకమారు నాలుగు మొదలు ఆరు పర్యాయములు ఎక్కించినచో సగటున పది, పండ్రెండు నెలలు. రెండేండ్లు దాటునవి ఐదింట ఒకటి. కాలు తీయక నొప్పి మందులతోనే గడపినచో ఒకటి మొదలు మూడు నెలలు. ఆలోపల పుచ్చిన ఎముక నడచుచుండగనే విరుగుట కలదు. ఇవి సగటు లెక్కలు. ఏ కుక్కయు సగటు కాదు. అయినను చికిత్స యనగా నయమగుట యని భ్రమపడు గృహస్థునికి ఈ లెక్కలు ముందే చెప్పుట వైద్యుని కాయకములో భాగము.

ఈ నెలలు ఎవరి నెలలు? ఇచటనే అసలు చిక్కు. మనుష్యునికి కాన్సరు వచ్చినప్పుడు అతడు రేపటి ఆశ కొరకు నేటి బాధను ఓర్చుకొనును. మనుమరాలి పెండ్లి చూడవలెనని శస్త్రచికిత్సకు ఒప్పుకొనును. ఆ బేరము అతడు తెలిసి చేసికొనిన బేరము. కుక్కకు అట్టి బేరము లేదు. వైద్యశాల బల్లమీద అది పడు భయము రేపటి కొరకని దానికి ఎవరు చెప్పగలరు? దానికి నేడు మాత్రమే కలదు. కావున భవిష్యత్తులోని నాలుగు మంచినెలల పేరిట ఇప్పటి నాలుగు చెడువారములను దాని మీద మోపునప్పుడు, ఆ వారములు నిజముగా నాలుగేనా, ఆ నెలలు నిజముగా మంచివేనా యని మనుష్యుని విషయమునకంటె కఠినముగా ప్రశ్నింపవలెను.

ఇదే తర్కము మరియొక వైపునకును తిరుగును. కాలు పోయినదని కుక్క దుఃఖింపదు. అద్దము చూచుకొనదు, నలుగురిలో తలవంపులనుకొనదు. లారీ క్రింద పడి కాలు పోగొట్టుకొని మూడుకాళ్లతో బజారున పరుగులెత్తు కుక్కను చూడని ఊరు మన దేశమున లేదు. కాలు తీయించిన కుక్కలు అనేకము రెండు మూడు దినములలోనే లేచి నిలుచును, నెల తిరుగకమునుపే తమ నడక తాము దిద్దుకొనును. నొప్పికి నెలవైన కాలు పోవుట వానికి అన్నిటికంటె పెద్ద ఉపశమనము. కుంటిదానిని చేసితిమే యని బాధపడునది ఇంటివారు. ఆ బాధను కుక్కకు అంటగట్టి, మేలైన చికిత్సను నిరాకరించుట కూడ అన్యాయమే. కీమోథెరపీ యనగానే మనుష్యులలో చూచిన యాతన కన్నుల ముందు మెదలుట సహజము. కాని కుక్కలకు మందును అంతకంటె తక్కువ మోతాదున ఇత్తురు, ఏలననగా అచట లక్ష్యము నిర్మూలన కంటె సుఖజీవనము. రెండు మూడు దినములు వాంతులు, అరుచి కలుగవచ్చును. కొలది కుక్కలకు మాత్రమే తీవ్రమైన బాధ వచ్చును. ఆ దినములలో మలమూత్రములను చేతితొడుగులు వేసికొని శుభ్రపరచుచు, పసిపిల్లలను దూరముగా నుంచవలెను.

వయసును గూర్చి ఒక మాట. ముసలిదైనది, ఇక ఎందుకని అనువారే ఎక్కువ. ముసలితనము వ్యాధి కాదు. పండ్రెండేండ్ల కుక్క గుండె, మూత్రపిండములు గట్టిగా నున్నచో మత్తుమందును తట్టుకొనును. ఎనిమిదేండ్లదే యైనను అవి చెడియున్నచో తట్టుకొనలేదు. అడుగవలసినది ఏండ్లెన్ని యని కాదు, తక్కిన మూడుకాళ్ల కీళ్లు ఎట్లున్నవని. బరువులో నూటికి అరువది పాళ్లు ముందరికాళ్ల మీదనే యుండును. నడుము, తుంటి కీళ్లు ఇదివరకే పట్టుకొనిపోయిన బరువైన కుక్కకు ముందరికాలు తీసినచో అది లేవలేక ఒకచోటనే పడియుండు ప్రమాదము కలదు. అట్టిదానికి కాలు తీయింపవద్దనుట నిర్దయ కాదు.

ధనము మాట ఎత్తుటకు సంకోచింపనక్కరలేదు. ధర్మచర్చలలో డబ్బును దాచుట మనకొక దురలవాటు. శస్త్రచికిత్స, మందులు, పట్టణమునకు రాకపోకలు – ఇవి చిన్న రైతునకు గాని, కొట్టు నడుపుకొను సంసారికి గాని తేలిక కావు. హైదరాబాదు రాజేంద్రనగరము, తిరుపతి, గన్నవరము, బీదరు వంటి చోట్ల పశువైద్య కళాశాలలు కలవు. ప్రైవేటు వైద్యశాలకు వెళ్లలేనివారు వానిని మొదట విచారించుట మేలు. అంతటను కుదరనిచో? దాసోహమనగా ఉన్నదానిని పంచుట. లేనిదానిని అప్పు తెచ్చి ఖర్చు చేయుట కాదు. కూతురి చదువునకు దాచిన సొమ్మును తీసి, నయము కాని వ్యాధికి ఐదు నెలలు కొనలేదని ఎవరును ఎవరిని నిందింపరాదు. అదే నోటితో మరియొకటి చెప్పవలెను: పెండ్లి పందిరికి లక్షలు పోసి, కుక్క నొప్పి మాత్రలకు మాత్రము డబ్బు లేదనువాని మాట బీదతనము కాదు. చికిత్స ఖర్చు భరింపలేకపోవచ్చును. నొప్పి తగ్గించు ఖర్చును తప్పించుకొనుటకు సాకు దొరకుట కష్టము.

నొప్పి తగ్గించుచు ఉన్నన్నాళ్లు చూచుకొనుట యను మూడవ మార్గమును చాలమంది ఏమియు చేయకుండుటకు మారుపేరుగా వాడుదురు. ఆ మార్గము నిజమునకు శ్రమతో కూడినది. మెలోక్సికామ్, కార్ప్రోఫెన్ వంటి మందులను కుక్క బరువును బట్టి వైద్యుడు నిర్ణయించిన మోతాదున, అన్నము తినిన పిదప వేయవలెను. మూత్రపిండముల స్థితిని నడుమనడుమ చూపింపవలెను. అవి చాలనప్పుడు గాబపెంటిన్ వంటివి చేర్చవలసి వచ్చును. ఇంటి అలమరలోని మనుష్యుల నొప్పిమాత్రలు వేయుట మిక్కిలి ప్రమాదము. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేసి, మూత్రపిండములను చెడగొట్టును. నున్నని నేలమీద గోనెపట్టాలు పరచుట, మెట్లెక్కనీయకుండుట, అన్నపు గిన్నెను పీటమీద నుంచుట – ఇవియు చికిత్సలే.

నొప్పి యున్నదని తెలియుటెట్లు? అరచుటలేదు గదా, బాధలేదని ఇంటివారందురు. కుక్క నొప్పికి అరచుట అరుదు. రాత్రివేళ ఒకచోట పడుకొనక తిరుగుట, నోరు మూయక రొప్పుట, ఒకేచోట నాకుకొనుట, పిలిచినను లేవకుండుట, ప్రేమించిన చేయి తగిలినను గుర్రుమనుట – ఇవి దాని భాష. ఆలిస్ విల్లలోబాస్ అను అమెరికా పశువైద్యురాలు 2004లో ఒక కొలమానమును రూపొందించెను. నొప్పి, ఆకలి, నీటి పట్టు, శుభ్రత, సంతోషము, కదలిక, చెడుదినములకంటె మంచిదినములు హెచ్చుగా నున్నవా యనుట – ఈ ఏడింటికి ఒక్కొక్కదానికి సున్న మొదలు పది వరకు అంకెలు వేయవలెను. మొత్తము ముప్పదియైదు దాటినచో బ్రతుకు సహింపదగినదిగా నున్నదని ఆమె చెప్పెను. దయను అంకెలలో కొలుచుటయా యని కొందరికి వెగటు కలుగవచ్చును. కాని ప్రేమగల కన్నులు ఏనాటికానాడు కొంచెము కొంచెముగా జారిపోవు స్థితిని గుర్తింపవు. నిన్నటివలెనే యున్నదని తమకు తాము చెప్పుకొనును. గోడమీది పంచాంగములో మంచిదినమునకు ఒక గీత, చెడుదినమునకు ఒక సున్న పెట్టుకొనినను చాలును. నెల చివర ఆ కాగితము అబద్ధమాడదు.

లింగాయతుల యిండ్లలో ఈ దశయందు వచ్చు మరియొక చిక్కును ఇతరులు ఎరుగరు. కుక్క అన్నము ముట్టుట మానును. వైద్యుడు గ్రుడ్డో మాంసమో పెట్టుమనును. ఇంటిలో అవి అడుగిడరాదు. కుక్క తోడేలువలె కేవల మాంసాహారి కాదు. మనుష్యునితో మెలగి మెలగి పిండిపదార్థములను అరిగించుకొను శక్తిని అది సంపాదించినదని 2013లో ప్రచురితమైన జన్యుపరిశోధన చూపినది. పెరుగన్నము, పనీరు, మెత్తగా ఉడికిన పప్పు చాల కుక్కలకు రుచించును. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష మాత్రము తగులరాదు. వేడి చేసి, చేతితో తినిపించినచో అరుచి కొంత తగ్గును. ఇవేవియు ముట్టక, మూతి త్రిప్పుకొను కుక్క విషయమేమి? ఇంటి నియమము లింగధారణ చేసిన వారు తమకు తాము విధించుకొనినది. ఆ నియమము యొక్క ప్రాణము ప్రాణిదయ. అట్టి నియమమును నిలుపుకొనుటకు మరియొక ప్రాణిని ఆకలితో మాడ్చుట కుదరదు. అట్లని వంటయింటి ఆచారమును మంటగలుపుటయు అక్కరలేదు. వైద్యశాలలలో అమ్ము డబ్బా ఆహారమును కొట్టమున, వేరు గిన్నెలో పెట్టించిన గృహిణులు కలరు. వారు ఏ గురువును అడుగలేదు. తప్పు చేసినట్లును కనబడదు.

ఇక నాలుగవ మార్గము. ప్రాణము శివుని సొత్తు, తీయుటకు మనుజుడెవడన్న అభ్యంతరము తేలికగా త్రోసివేయదగినది కాదు. 1928లో సబర్మతీ ఆశ్రమమున ఒక లేగదూడ తీరని యాతన పడుచుండెను. వైద్యుడు ఆశ లేదనెను. గాంధీ ఆశ్రమవాసులతో చర్చించి, సూదిమందుతో దాని ప్రాణమును విడిపింపజేసెను. అహింసావాదియే గోహత్య చేయించెనని దేశమంతట నుండి కోపముతో లేఖలు వచ్చినవి. శస్త్రవైద్యుడు రోగి దేహమును కోయుట హింస కానట్లే, మరే విధమునను తీరని బాధను తీర్చుటకు చేసిన ఆ పనియు హింస కాదని ఆయన సమాధానము. ఆ వాదమును అంగీకరింపనివారు నేటికిని కలరు. వారిలో దయాళువులు కలరు.

వారి వాదమున ఒక లోపము కనిపించును. అడవిలో కాలు పుచ్చిన మృగము కొలది దినములలోనే ఏ పులి పాలో, ఆకలి పాలో అగును. మన ఇంటి కుక్కను అట్లు పోనీయక, అన్నము పెట్టి, టీకాలు వేయించి, మందులు పోసి, ప్రకృతి గీసిన గీతను దాటించి తెచ్చినది మనమే. అంతవరకు ప్రతి మలుపునను చేయి చేసికొని, కడపటి యాతన వేళ మాత్రము శివేచ్ఛలో జోక్యము చేసికొనమని చేతులు కడుగుకొనుట పొసగదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టము కూడ ఒక జీవిని బ్రతికియుండనీయుటయే క్రూరత్వమగు స్థితి కలదని గుర్తించినది. ప్రాణులయెడ కరుణ చూపుట పౌరుని విధియని 1976 నాటి 42వ సవరణ రాజ్యాంగమున చేర్చినది.

అయితే ఈ తలుపు తెరచినచో దాని గుండ దయ వేషము వేసికొని సౌకర్యము కూడ లోనికి దూరును. ఇల్లు మారుచున్నారు, కుక్క మూత్రము వాసన వచ్చుచున్నది, ఊరికి పోవలసి యున్నది, చూచువారు లేరు. ఇట్టివేళ ఒకే ప్రశ్న వేసికొనవలెను: ఈ సూదితో తీరునది ఎవరి బాధ? మందుతో కుక్క నొప్పి అణగుచుండి, ఇంటివారి శ్రమ మాత్రమే మిగిలియున్నచో అది దయామరణము కాదు. మరి, నొప్పి ఏ మందునకును లొంగక, ఎముక విరిగి, లేవలేక, తన మలములో తాను పడియున్న కుక్కను చూచుటకు మనసు రాక, పట్టణమున నున్న కొడుకు ఆదివారము వచ్చువరకు ఆపుడనువారు కలరు. ఆ నాలుగు దినములు కొడుకు కొరకు. ప్రేమతోనే అడిగినను అవి కుక్కకు నాలుగు దినముల నరకము. చెడుదినములు మంచిదినములను మించిన వారముననే వైద్యునితో మాటాడియుంచుట, కొడుకును అప్పుడే రప్పించుట ఇంతకంటె మేలు.

ఆ దినమున జరుగునది ముందుగా తెలిసియున్నచో భయము తగ్గును. మొదట మత్తుసూది వేయుదురు, కుక్క నిద్రపోవును. పిదప నరమున ఎక్కించు మందుతో స్పృహ పూర్తిగా పోయి, కొలది నిమిషములలోనే శ్వాస, గుండె ఆగును. కన్నులు తెరచియుండవచ్చును, చివర ఒకటి రెండు మారులు రొమ్ము ఎగయవచ్చును. అవి బాధకు గురుతులు కావు. వైద్యుని ఇంటికే పిలిపించుకొన వీలైనచో కుక్క తనకు పరిచితమైన వాకిటనే పరుండును. పిల్లలతో ఊరికి పంపితిమని చెప్పరాదు. వారు తిరిగి వచ్చునని నెలల తరబడి గడప వద్ద ఎదురుచూచెదరు. మనవారికి భూస్థాపనము కొత్త కాదు గనుక పొలము గట్టున గోయి తీయించుటకు సంకోచముండదు. గోయి ముందునాడే తీయించియుంచవలెను, నాలుగడుగులకు తక్కువ లోతు ఉండరాదు, పైన రాళ్లు పేర్చవలెను. నరమున ఎక్కించిన మందు దేహములో చాలకాలము నిలుచును. నక్కలో, ఊరకుక్కలో, కాకులో త్రవ్వి తినినచో అవియు చచ్చును.